సుట్టాల బిందె

పొయ్యి రాజెయ్యక ముందే నీలవేణి ఇత్తడి బిందె చంకనెత్తుకుని తియ్యబావికి వెళ్లేది. అప్పటికే కళ్లాపి జల్లి, ముగ్గు వేసి, దేవుడి గూట్లో దీపం పెట్టి ఉండేది. బావి ఊరికి తూర్పున, జీడితోటలు అయిపోయి సరుగుడు తోపు మొదలయ్యే చోట, ఇసకలో ఉంది. అక్కడికి సముద్రం కనిపించదు గానీ హోరు వినిపిస్తుంది. చిన్న బావి, ఊట నెమ్మది. అందుకని ఇంటికి రోజుకి ఒక్క బిందే తోడుకోవాలని పూర్వపు పెద్దలు కట్టడి పెట్టారు. కాపలా ఎవరూ ఉండరు. అయినా రెండో బిందె ఎవరూ ముంచరు.

ఆ నీళ్లు ఇంట్లో వాళ్లు తాగడానికి కాదు. ఒక చెంబెడు దేవుడికి, మిగతావి గుమ్మంలోకి వచ్చిన మనిషికి. నీలవేణి బిందె తెచ్చి వసారాలో చెక్కబల్ల మీద పెట్టి, పళ్లెం మూసి, పళ్లెం మీద గ్లాసు బోర్లించేది. ఉత్తరాలు తెచ్చే మనిషి, కొబ్బరికాయలు దింపేవాళ్లు, బస్సు దొరక్క నడిచొచ్చేవాళ్లు, ఎవరైనా సరే, అడగక్కర్లేకుండా ముంచుకుని తాగేవారు. మా ఊళ్లో ప్రతి వసారాలోనూ ఇలాంటి బిందె ఒకటుంటుంది. సుట్టాల బిందె అంటాం. ఇంటివాళ్లం మాత్రం బోరు నీళ్లే తాగుతాం. అవి కాస్త ఉప్పన. పప్పు ఒక పట్టాన ఉడకదు. పుట్టినప్పటి నుంచీ తాగిన నోరు గనక మాకు తేడా తెలీదు.

నీలవేణి పుట్టిల్లు పాతపట్నం. నీలమణి దుర్గమ్మకి మొక్కుకుంటే పుట్టిందని అమ్మవారి పేరు కలిసొచ్చేలా ఆ పేరు పెట్టారట. సూరయ్యని చేసుకుని మా ఉద్దానం వచ్చిన కొత్తలో ఆమెకి కోపమొస్తే ఒడియాలో గొణుక్కునేది. ఏమంటోందో తెలీక మా ఆడవాళ్లు నవ్వేవారు. వాళ్లు నవ్వితే ఆమెకీ నవ్వొచ్చేది. అలా ఆ కోపం ఎవరికీ తగలకుండానే పోయేది. పదో తరగతి చదివింది కాబట్టి తరవాత ఆశా కార్యకర్తగా తీసుకున్నారు. అప్పటి నుంచి ఊళ్లో ఏ ఇంట్లో ఎవరికి కళ్లు తిరిగినా, ఎవరికి నెలలు నిండినా ముందు ఆమెకే కబురు.

చెప్పులు వీధిలోనే వదిలి లోపలికి వెళ్లేది. చేతిలో ఏదో ఒకటి ఉండేది, నాలుగు మునగకాడలో, గుప్పెడు కరివేపాకో. సూరయ్యకి పెద్దమ్మ వరసయ్యే ముసలి నారాయణమ్మకి మాత్రలు గుర్తుండవని పొద్దుటివి పసుపు రాసిన కాగితంలోనూ, రాత్రివి కుంకుమ రాసిన కాగితంలోనూ పొట్లం కట్టి ఇచ్చేది. నారాయణమ్మ ఆ పొట్లాలు దేవుడి పటం వెనక దాచుకునేది.

ఉద్దానం అంటే కొబ్బరి గుర్తు రావాలి. మా కాలానికి కిడ్నీలు గుర్తొస్తున్నాయి. తోటలో చెట్టెక్కి దిగినవాడు ఏడాది తిరిగేసరికి మంచం పట్టేవాడు. నీళ్లన్నారు, మట్టన్నారు, ఎండన్నారు, పురుగుమందన్నారు. ఇదీ కారణమని ఎవరూ తేల్చలేదు. నారాయణమ్మకి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ ఆ జబ్బుతోనే పోయారు. సూరయ్యకి కూడా కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ కొంచెం పెరిగిందన్నారు. మా ఊళ్లో సంతకం రాని వాళ్లకి కూడా ఆ మాట పలకడం వచ్చు.

జబ్బు వెనకాలే మనుషులొచ్చారు. ఒక జట్టు రక్తం తీసుకుపోయేది, రెండేళ్లకి ఇంకో జట్టు వచ్చి మళ్లీ మొదటి నుంచి అవే ప్రశ్నలడిగి, మళ్లీ రక్తం తీసుకుపోయేది. ముందు వచ్చిన వాళ్లకి ఏం తెలిసిందో వెనక వచ్చిన వాళ్లకి తెలీదు. మాకు ఎవరి సంగతీ తెలీదు. సూరయ్యకి అన్న వరస అయ్యే జగన్నాధం, పూర్వం కొబ్బరి లారీలు నడిపినాయన, రచ్చబండ దగ్గర అనేవాడు: "మన రగతం మనకంటే ఎక్కువూళ్లు తిరిగింది. డిల్లీ సూసింది, హైదరాబాదు సూసింది. సేరినానని ఒక్క కబురెట్టలేదు."

ఆ తరవాతే, ఒక చలికాలంలో, అనూరాధ వచ్చింది. విశాఖపట్నంలో పరిశోధన చేస్తున్న డాక్టరు. వయసు చిన్నదే. వచ్చిన రోజున నీలవేణి కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చుంది. తను చేసే పని వేరుగా ఉంటుందంది. రక్తంలో ఏముందో, నీళ్లలో ఏముందో, మట్టిలో ఏముందో, ఆ లెక్కలన్నీ పేర్లు తీసేసి ఇంటర్నెట్లో అందరికీ కనిపించేలా పెడతారట. నీళ్ల మీద పనిచేసేవాళ్లు, మందుల మీద పనిచేసేవాళ్లు, పంటల మీద పనిచేసేవాళ్లు, ప్రపంచంలో ఎవరైనా సరే చూడొచ్చు, తమ లెక్కలతో పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఎవరికి వాళ్లు బీరువాలో దాచుకోబట్టే ప్రతి జట్టూ మళ్లీ మిమ్మల్ని పొడవాల్సి వస్తోందని కూడా చెప్పింది.

నీలవేణి శ్రద్ధగా వింది. ఎవరైనా డబ్బు కట్టి చూడాలా అని అడిగింది, అక్కర్లేదంది అనూరాధ. పేర్లు లేకుండా పెడతారు కదా, మరి ఫలానా ఊరని తెలుస్తుందా అంటే తెలుస్తుందంది. అది చాలనుకుంది నీలవేణి.

జనం మాత్రం విసిగిపోయి ఉన్నారు. అప్పుడామె ఇంటింటికీ వెళ్లి మాటిచ్చింది. అనూరాధ ఇమ్మనలేదు, తనంతట తనే ఇచ్చింది. ఇది అందరికీ కనిపించే చోట పెడతారు, ఇంకొకళ్లు రానక్కర్లేదు, ఇదే ఆఖరు, మళ్లీ సూదిని వెంటబెట్టుకుని మీ గుమ్మంలోకి రాను అని చెప్పింది. ఆ మాట మీదే తలుపులు తెరిచారు. నారాయణమ్మ చేతికి నరం దొరకదు. రెండు చోట్ల పొడిచి మూడో చోట తీశారు. ఆమె కళ్లు మూసుకుని, "నీ మొగం సూసి ఇస్తన్నానే, కోడలా," అంది.

నీళ్లకి సీసాలు ముందురోజు సాయంత్రమే ఇంటింటికీ ఇచ్చారు. మీ ఇంట్లో తాగే నీళ్లు పొద్దున్నే పట్టి ఉంచండి అని అనూరాధ మనుషులు చెప్పి వెళ్లారు. మా వాళ్లు ఆ మాట విననూ విన్నారు, తలూపనూ ఊపారు. తెల్లవారి ప్రతి ఇల్లాలూ సీసా కడిగి, సుట్టాల బిందె మీద పళ్లెం తీసి, అందులోంచి నింపింది. పట్నం నుంచి మన కోసం వచ్చిన మనుషుల చేతిలో ఉప్పునీళ్లు పెట్టడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. ఒకరితో ఒకరు అనుకున్నదీ లేదు. ఇంటికొచ్చిన వాళ్లకి ఏ నీళ్లివ్వాలో మా ఊళ్లో ఎవరూ ఎవరినీ అడగరు. నీలవేణి కూడా తన బిందెలోంచే ముంచి, మూత బిగించి, సీసాని తుండుతో తుడిచి మరీ ఇచ్చింది.

వర్షాలు పడ్డాక అనూరాధ తిరిగి వచ్చింది. మా ఊరికి రక్తం కోసం వచ్చిన వాళ్లలో జవాబుతో వెనక్కొచ్చింది ఆమె ఒక్కతే. ఎవరి ఫలితం వాళ్లకి ఇంటికెళ్లి విడమరచి చెప్పింది. నారాయణమ్మ దగ్గర కూర్చుని, నీ కిడ్నీలు బాగానే ఉన్నాయని చెబితే ముసలామె సంతోషించలేదు. అవి కొడుకులకుంటే సరిపోయేదంది. అనూరాధ ఆమె చెయ్యి పట్టుకుంది.

బడి వసారాలో కంప్యూటరు తెరిచి మా ఊరి అంకెలు కూడా చూపించింది. జగన్నాధం కళ్లజోడు తుడుచుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఇందులో నేనెక్కడున్నానమ్మా?"

ఎవరు ఎవరో తెలియకుండా పెట్టామంది అనూరాధ.

"ఇంత మనిషిని ఎలా దాసినావు," అని ఆయన తన పొట్ట చూసుకున్నాడు. అందరూ నవ్వారు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఒక ఉదయం అనూరాధ ఒక్కతే, కబురు చెయ్యకుండా దిగింది. ముఖం వాడిపోయి ఉంది. నీలవేణి ఏమీ అడక్కుండా ముందు బిందెలోంచి గ్లాసు ముంచి ఇచ్చింది. సగం తాగి అనూరాధ ఆగింది.

"అక్కా, ఇవి ఏ బోరు నీళ్లు?"

"బోరేటమ్మా. మీకు బోరు నీళ్లిస్తానేటి? తియ్యబావివి."

అనూరాధ గ్లాసు కింద పెట్టింది. "మరి ఆ రోజు సీసాలో పోసినవి?"

"ఇవే."

"అందరూ ఇవేనా?"

నీలవేణి నవ్వబోయి ఆగిపోయింది. మీరు రోజూ తాగేవి ఏవని అనూరాధ మెల్లిగా అడిగింది. నీలవేణి పెరట్లో బోరింగు వైపు చూసింది. చెప్పనక్కర్లేకపోయింది.

సంగతేమిటంటే, శ్రీలంకలో ఒకాయన ఉన్నాడు. అక్కడి పల్లెల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. ఆయన పుట్టిందీ అలాంటి పల్లెలోనే. అక్కడి నీళ్ల లెక్కల పక్కన పెట్టి చూద్దామని మా ఊరి అంకెలు తీసుకున్నాడు. తీసుకుని, మర్యాదగా ఒక ప్రశ్న రాశాడు. ఇంటికో బోరున్న ఊళ్లో అన్ని ఇళ్ల నీళ్లూ ఒక తల్లి పిల్లల్లా ఒకేలా ఉన్నాయేమిటి, సీసాలేమైనా తారుమారయ్యాయా అని. అనూరాధ తన వాళ్లదే పొరపాటనుకుని ల్యాబంతా వెతికింది. అక్కడేమీ దొరక్క ఇక్కడికొచ్చింది.

"ఆయన మన్ని దొంగలనుకున్నాడేటి?" అంది నీలవేణి.

లేదక్కా అంది అనూరాధ. ఆయన అడగబట్టే తెలిసింది. అంకెలు నా బీరువాలోనే ఉంటే నేను చచ్చేదాకా నిజమనే నమ్ముదును అని కూడా అంది. నీలవేణికి అది అర్థమైంది.

"సంతర్పణ వంటలాగన్నమాట. పదిమంది కూకుంటే ఉప్పు తగ్గిందని ఎవరో ఒకరు సెప్తారు."

అవునంది అనూరాధ. కానీ ఇప్పుడేం చెయ్యాలో చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. నీలవేణే అడిగి చెప్పించుకుంది. అలాగే వదిలేస్తే, చూసినవాళ్లు ఈ ఊరి జనం కొబ్బరినీళ్లలాంటి నీళ్లు తాగుతున్నారనుకుని ఇంకెక్కడో వెతుకుతారు. తీసేస్తే ఊరే లెక్కలో ఉండదు, అంతమంది పొడిపించుకున్నదీ వృథా. సరిచెయ్యాలంటే బోరు నీళ్లు పట్టాలి. కిందటేడు రక్తం పక్కన ఈ ఏడాది నీళ్లు పెట్టకూడదు గనక రక్తం కూడా మళ్లీ ఇవ్వాలి. బలవంతం లేదక్కా, మీరు వద్దంటే తీసేస్తాను అంది అనూరాధ.

అంటే ఆ నిర్ణయం నీలవేణి మీద పడింది. ఇదే ఆఖరని చెప్పిన నోటితోనే మళ్లీ అడగాలి. ఆశా కార్యకర్తకి జీతం కంటే ముందు మాట. ఆ మాట పోతే రేపు పసిబిడ్డకి టీకా వేయించమన్నా తలుపు తియ్యరు.

మధ్యాహ్నం సూరయ్యకి అన్నం వడ్డిస్తూ అంతా చెప్పింది. ఆయన నిదానంగా తిన్నాడు.

"మాటిచ్చినావు కదా," అన్నాడు.

"ఇచ్చినాను."

"ఇప్పుడేటి సేస్తావు?"

"తప్పుతాను."

సూరయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ చేతినే ఆమె ముందు చాపాడు. "అయితే బోణీ నాదే."

ఆ సాయంత్రం నుంచీ నీలవేణి మళ్లీ ఇంటింటికీ తిరిగింది. తప్పు ఎవరి మీదా పెట్టలేదు. ఏ నీళ్లు పొయ్యాలో నేను విడమరచి చెప్పలేదు, నేనే పొరపాటు చేశాను అనేది. కొందరు విని పకపకా నవ్వారు. ఊరంతా ఒకే పని చేసిందని అప్పుడే తెలిసింది వాళ్లకి. నవ్వుతూనే సరేనన్నారు. కొందరు తల అడ్డంగా ఊపారు. ఇంకొందరు ఇంట్లో మగవాళ్లు లేరన్నారు, లోపల దగ్గు వినిపిస్తూనే ఉంది. నీలవేణి అది విననట్టే, దగ్గు తగ్గకపోతే మిరియాల పాలు ఇవ్వమని చెప్పి వచ్చేసింది.

జగన్నాధం గుమ్మంలోనే నిలబెట్టాడు. "ఆకరన్నావు. ఆ ఆకరికి ఆకరెప్పుడమ్మా?"

తనకీ తెలీదని ఒప్పుకుంది నీలవేణి. ఆయన నీళ్లైతే బోరింగు కొట్టి పట్టుకెళ్లమన్నాడు గానీ, సూది మాత్రం దేవుడు దిగొచ్చి అడిగినా వద్దన్నాడు. ఆయన ఆ మాట మీదే ఉన్నాడు. నీలవేణి ఆయనింటికి మాత్రలివ్వడం మానలేదు, ఆయన ఆమె బుట్టలో కొబ్బరికాయ వెయ్యడమూ మానలేదు.

నారాయణమ్మ ఇంటిని ఆఖరుకి ఉంచుకుంది. ముసలామె గడప దగ్గర కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నీలవేణి పక్కన చతికిలబడి తనూ పిక్కలు తీయడం మొదలుపెట్టింది. ఆమె వద్దంటే రెండోసారి అడగకూడదని దారిలోనే అనుకుంది. పిక్కలు తీస్తూనే సంగతంతా చెప్పింది. నారాయణమ్మ చేతులు ఆగలేదు, తలెత్తలేదు.

"నువ్వు మాటిచ్చినావే, కోడలా."

"ఇచ్చినాను, పెద్దత్తా."

"నీ మొగం సూసి ఇచ్చినాను."

"అవును."

చింతపండు అయిపోయింది. నారాయణమ్మ మోకాళ్ల మీద చేతులాన్చుకుని లేచి లోపలికి వెళ్లింది. వసారాలో సుట్టాల బిందె ఉంది, మీద పళ్లెం, గ్లాసు. ఆమె దాన్ని దాటుకుని పోయి, వంటింట్లో కుండలోంచి చెంబుతో నీళ్లు తెచ్చి నీలవేణి చేతికిచ్చింది. నీలవేణి ఒక గుక్క తాగి ఆగింది. బోరు నీళ్లు.

"ఏటలా సూస్తావు? నువ్వు సుట్టానివేటి?"

నీలవేణి తల వంచుకుని చెంబు ఖాళీ అయ్యేదాకా తాగింది. నారాయణమ్మ మళ్లీ కూర్చుని పిక్కలన్నీ కొంగులోకి ఎత్తుకుంది.

"రేపు ఆ పిల్లని ముందు మా ఇంటికే తీసుకురా. దానికీ ఈ నీళ్లే పోస్తాను. మన రగతం పట్టుకెల్లిన మనిసి ఇంకా సుట్టమేటి. నా బిడ్డలు తాగినవేవో దాని నోటికీ తెలవాల."

మర్నాడు అలాగే జరిగింది. అనూరాధ చెంబెత్తి తాగింది. ఉప్పగా ఉన్నాయని ముఖంలో కనిపించకుండా తాగాలని చూసింది గానీ కనిపించింది. నారాయణమ్మ అప్పుడు నవ్వింది. ఆ నవ్వు మేం చాలా కాలానికి చూశాం. ఈసారి నరం రెండో పోటుకే దొరికింది. నీలవేణి ప్రతి పెరట్లోనూ దగ్గర నిలబడి, కాసేపు బోరింగు కొట్టించి, సీసా పట్టించింది. కొన్ని తలుపులు తెరుచుకోలేదు. వాటి ముందు ఆమె ఆగనూ లేదు, ఆ ఇళ్ల మాట తరవాతెప్పుడూ ఎత్తనూ లేదు.

సాయంత్రం సీసాలన్నీ పెట్టెలో సర్దాక ఇద్దరూ నీలవేణి వసారాలో కూర్చున్నారు. పాత నీళ్ల అంకెలు తీసేసి ఆ చోట కొత్తవి పెడతానంది అనూరాధ. నీలవేణి బిందె మీది పళ్లెం సరిగా సర్ది, ఆమెకెదురుగా వచ్చి కూర్చుంది.

"ఒక్క సాయం సెయ్యండమ్మా. పాతవి తీసీకండి. కొత్తవాటి పక్కన ఉండనివ్వండి. సూసినోళ్లు ఇవెందుకిలా ఉన్నాయని అడుగుతారు కదా. అబద్దమాడినారని రాయొద్దు. తెలివితక్కువగా సేసినారనీ రాయొద్దు. సుట్టాలకిచ్చే నీళ్లిచ్చినారని రాయండి. మీ ఇంగిలీసులో ఆ మాట కుదరకపోతే మా మాటే ఎట్టీండి. సముద్రం అవతలాయనకి అర్దమవుతాది. ఆయనదీ పల్లే అన్నారు కదా."